యాభైసార్లు రాశారు, పండగ సెలవులకే మర్చిపోయారు: క్లాసులో కొత్త ఇంగ్లిష్ మాటలు ఎలా నిలబెట్టాలి?

సుద్దముక్క
(మొదటి పోస్ట్)

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను. ఏడో తరగతిలో 46 మంది. ఇన్నేళ్ళుగా నా పద్ధతి ఒక్కటే. లెసన్‌లో పది కొత్త మాటలు తీసి అర్థాలతో సహా బోర్డు మీద రాస్తాను, ఒక్కోటీ ఐదుసార్లు రాసుకు రమ్మంటాను, మర్నాడు డిక్టేషన్ పెడతాను. పదికి ఎనిమిది, తొమ్మిది వస్తాయి. నేనూ సంతోషం, పిల్లలూ సంతోషం.

మొన్న దసరా సెలవులు అయ్యాక, ఏదో తోచి, పాత మాటలే మళ్ళీ అడిగాను. క్లాసంతా నిశ్శబ్దం. 'బారో' అంటే ఏమిట్రా అని ఒకణ్ణి లేపితే, "సార్, అది మూడో లెసన్‌లోది" అన్నాడు. పుస్తకంలో ఎడమ పేజీలో పైన ఉంటుందని కూడా చెప్పాడు. అర్థం మాత్రం రాలేదు.

ప్రొజెక్టర్, యాప్ అని చెప్పకండి. ఉన్న ఒక్కటీ వేరే గదిలో ఉంది, దాని తాళం ఇంకొకరి దగ్గర ఉంది. పీరియడ్ 40 నిమిషాలు. హాజరు, గోల, మంచినీళ్ళు పోగా నాకు మాటల కోసం పది నిమిషాలు మిగులుతాయి. ఆ పది నిమిషాల్లో ఏం చేయవచ్చు?

లెసన్‌ప్లాన్

సార్, మనమందరం రాసి రాసే నేర్చుకున్నాం. ఐదుసార్లు చాలకపోతే పదిసార్లు రాయించండి. బడిలో ఏడాది మధ్యలో పెట్టే ఎఫ్ఏ పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి, ప్రయోగాలకు టైమ్ ఎక్కడిది?

పాత మాస్టారు

రాయించడం తప్పు కాదు నాయనా, చూసి రాయించడం తప్పు. నేను ముప్పయ్యేళ్ళు పైగా నోట్‌బుక్కులు దిద్దాను. పిల్లలు ఇంపోజిషన్ ఎలా రాస్తారో ఎప్పుడైనా గమనించారా? అడ్డంగా రాయరు. ముందు పేజీ పొడుగునా 'బారో, బారో, బారో' అని కిందికి దింపేస్తారు. ఆ తర్వాత పక్క వరుసలో 'అప్పు తీసుకొను, అప్పు తీసుకొను' అని దింపుతారు. మాటకూ అర్థానికీ మధ్య చూపు ఒక్కసారి కూడా పోదు. పదిసార్లు రాయిస్తే ఆ స్తంభం ఇంకాస్త పొడుగవుతుంది, అంతే.

నేను చివరి ఆరేడేళ్ళు పలకలు వాడాను. హైస్కూలు పిల్లలకు పలకలేమిటని స్టాఫ్‌రూములో నవ్వారు. పుస్తకాలు మూయించి, నేను తెలుగులో ఒక సందర్భం చెప్తాను: "పెన్ను మర్చిపోయాను, పక్కవాడి పెన్ను ఈ పీరియడ్‌కి తీసుకున్నాను." అందరూ పలక మీద ఇంగ్లిష్ మాట రాసి ఒక్కసారి పైకెత్తాలి. 46 పలకలు ఒక్క చూపులో కనిపిస్తాయి. ఫస్ట్ బెంచి పిల్ల ఒక్కతే గట్టిగా చెప్పి మిగతావాళ్ళను కాపాడే అవకాశం ఉండదు. తప్పు రాసినవాణ్ణి నిలబెట్టకూడదు. తుడిచేస్తే పోతుంది, పలక గొప్పతనం అదే. నోట్‌బుక్కులో ఎర్రసిరా పోదు.

రెండో బెంచి

మాస్టారు అనుభవంతో చెప్పినదానికి పరిశోధన కూడా ఉంది. కార్పికీ, రోడిగర్ అనే ఇద్దరు 2008లో 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, ఇంగ్లిష్ అర్థాలతో నేర్పారు. ఒకసారి సరిగా చెప్పిన మాటను కొందరికి మళ్ళీ చూపించారు గానీ మళ్ళీ అడగలేదు. కొందరినైతే, వచ్చిన మాటలను కూడా అడుగుతూనే పోయారు. వారం తర్వాత చూస్తే, అడుగుతూ పోయినవాళ్ళకు దాదాపు 80 శాతం గుర్తున్నాయి. చూపించి వదిలేసినవాళ్ళకు మూడో వంతుకు కాస్త అటూఇటూ.

అంటే 'వీడికి వచ్చేసింది, ఇంక అడగక్కర్లేదు' అనుకున్న చోటే మనం మోసపోతున్నాం. డిక్టేషన్‌లో తొమ్మిది వచ్చిన రోజున మీరు ఆ మాటలను వదిలేశారు చూడండి, సరిగ్గా అక్కడే.

ఒక చిన్న జాగ్రత్త. వాళ్ళు పెద్దవాళ్ళు, ప్రయోగశాలలో కూర్చుని నేర్చుకున్నవాళ్ళు. మన ఏడో తరగతిలో అవే అంకెలు వస్తాయని కాదు. దారి మాత్రం అదే.

సుద్దముక్క

పలకల సంగతి బాగుంది మాస్టారూ. కానీ రోజూ పాత మాటలన్నీ అడుగుతూ పోతే సంవత్సరం చివరికి మూడొందలు పోగవుతాయి. ఏది ఎప్పుడు అడగాలో ఎలా గుర్తుపెట్టుకోవడం?

రెండో బెంచి

దానికి డబ్బాల పద్ధతి ఉంది. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1970ల్లో ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పటి ఫోన్ యాప్‌లు చాలావాటి వెనక ఉన్నది ఇదే ఆలోచన. మీకు ఫోన్ అక్కర్లేదు, మూడు చెప్పుల డబ్బాలు చాలు.

మొదటి డబ్బాలో మాటలు రోజూ అడగాలి. చెప్పగలిగితే ఆ కార్డు రెండో డబ్బాకు పోతుంది, దాన్ని మూడు రోజులకు ఒకసారి తీస్తాం. అక్కడా చెప్పగలిగితే మూడో డబ్బా, పదిహేను రోజులకు ఒకసారి. ఎక్కడ తప్పినా నేరుగా మొదటి డబ్బాకు వచ్చేస్తుంది. వైకుంఠపాళిలో పాము మింగినట్టు. మా పిల్లలు దాన్ని అలాగే పిలిచేవాళ్ళు, "మేడమ్, ఈ మాటను పాము మింగింది" అని.

కార్డులకు డబ్బు పెట్టకండి. ఊళ్ళో ప్రతి ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి. మందంగా ఉంటాయి, వెనక వైపు ఖాళీ. ఒక్క మాఘమాసం చాలు, ఏడాదికి సరిపడా కార్డులు.

లెసన్‌ప్లాన్

శుభలేఖల ఐడియా మాత్రం నచ్చింది. మా ఇంట్లో ఒక బీరువా అర నిండా ఉన్నాయి, పారేస్తే అరిష్టమని మా అమ్మ పారేయనివ్వదు.

సరే, ఒకటి అడుగుతాను. మీరంతా తెలుగులో సందర్భం చెప్పడం, తెలుగు అర్థం రాయడం అంటున్నారు. మాకు ట్రైనింగుల్లో చెప్పేది, ఇంగ్లిష్ క్లాసులో తెలుగు రాకూడదని. అదెలా?

పాత మాస్టారు

నాకూ అదే చెప్పారు. ఒకసారి 'ల్యూక్‌వార్మ్' అనే మాట వచ్చింది. ఇంగ్లిష్‌లోనే వివరిద్దామని 'నాట్ హాట్, నాట్ కోల్డ్' అన్నాను. పిల్లలు 'నార్మల్ వాటరా సార్' అన్నారు. చేతులు తిప్పాను, ముఖం పెట్టాను, ఐదు నిమిషాలు పోయాయి. చివరికి ఒక పిల్ల మెల్లగా "గోరువెచ్చనా సార్?" అంది. ఆ ఒక్క మాట నేను మొదటే చెప్పి ఉంటే, మిగిలిన నాలుగు నిమిషాలూ వాళ్ళచేత వాక్యాలు చెప్పించేవాణ్ణి.

తెలుగు వాడాలా వద్దా అన్నది కాదు. అర్థం చెప్పేటప్పుడు తెలుగు, సాధన చేసేటప్పుడు ఇంగ్లిష్. మనవాళ్ళు తెలుగులో అర్థం చెప్పి అక్కడితో ఆపేస్తారు, చిక్కంతా అది. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు పాఠ్యపుస్తకాలే ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగుగా వచ్చాయి కదా.

మన్యం టీచర్

మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే ఒక చిన్న అభ్యంతరం.

నేను సీతంపేట వైపు ఏజెన్సీలో పనిచేస్తున్నాను. నా క్లాసులో ఎక్కువమంది సవర పిల్లలు. ఇంట్లో సవర మాట్లాడతారు, బడికి వచ్చాకే తెలుగు. మరి గ్లాసరీలో తెలుగు అర్థం చెప్పి 'అర్థమైందా' అంటే, వాళ్ళకు ఒక కొత్త మాటకు ఇంకో కొత్త మాట అర్థంగా చెప్పినట్టు. 'హెసిటేట్ అంటే సంకోచించు' అని ఉంటుంది పుస్తకంలో. సంకోచించు అన్న మాట మైదానం పిల్లలకు మాత్రం ఎంతమందికి తెలుసు? 'వెనకాడు' అంటే పోయేదానికి.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండగా సవర మాట్లాడే మనిషిని దగ్గర పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు తయారు చేశారు, నిఘంటువు కూర్చారు. ఆ పని మొదలై నూరేళ్ళు దాటింది. నాకు సవర నాలుగు ముక్కలే వచ్చు, అందుకే నేను పెద్ద పిల్లల చేత అడిగిస్తాను: "దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని. కార్డుకు మూడు మాటలు ఉంటాయి, సవర మాట తెలుగు లిపిలో. ఒక్కోసారి వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకుంటారు, మా ఊళ్ళో అలా అనరని. ఆ పోట్లాటలో ఇంగ్లిష్ మాట పదిసార్లు నోట్లో నలుగుతుంది, నాకు కావలసింది అదే.

పాత మాస్టారు

ఒప్పుకున్నానమ్మా. నేను పనిచేసిందంతా తెలుగు ఇళ్ళ మధ్యే, అందుకే అటు ఆలోచన పోలేదు. సంకోచించు గురించి కూడా మీరన్నదే నిజం.

శనివారం తెలుగుబడి

నేను డాలస్‌లో వారాంతం తెలుగు క్లాసు చెప్తాను. నా సమస్య మీకు తిరగేసి ఉంటుంది. ఇక్కడి పిల్లలకు ఇంగ్లిష్ సొంత భాష, తెలుగు కొత్తది. అయినా బాధ ఒక్కటే: వారానికి ఒక్క రోజు, వచ్చే శనివారానికి అంతా మాయం.

నాకు పనికొచ్చిన ఒక ఆట చెప్తాను. ఇంగ్లిష్‌లో 'బ్రేక్' అని ఒక్క మాట ఉంటే మనకు ఎన్ని ఉన్నాయో చూడండి. కర్ర విరుగుతుంది, గ్లాసు పగులుతుంది, దారం తెగుతుంది. 'టేర్' అనే చోట బట్ట చిరుగుతుంది. మొదట్లో పిల్లలు అన్నిటికీ 'విరిగింది' అనేవాళ్ళు, "నా చొక్కా విరిగింది" అని. జాబితా రాసిచ్చాను, పని చేయలేదు. తర్వాత వారం సంచీలో ఎండుపుల్లలు, దారపుండ, పాత గుడ్డ, ఖాళీ కోడిగుడ్డు డొల్లలు తీసుకెళ్ళాను. "పుల్ల విరుచు" అంటే విరవాలి, "దారం తెంపు" అంటే తెంపాలి, "గుడ్డ చింపు" అంటే చింపాలి. క్లాసంతా చెత్త. ఆ రోజు నేర్చుకున్న మాటలు మాత్రం నెల తర్వాత అడిగినా పోలేదు. చెప్పినట్టు ఒంటితో చేయించి నేర్పే ఈ పద్ధతిని జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1960ల్లో మొదలుపెట్టాడు.

ఇక 'వేర్'. చొక్కా తొడుక్కుంటాం, చీర కట్టుకుంటాం, కళ్ళజోడు పెట్టుకుంటాం. మీ పిల్లలకు ఇది సులువు, మూడూ కలిసి ఒక్క మాట అవుతుంది. మా వాళ్ళకు ఒక్కటి మూడుగా విడిపోవాలి. మొన్న ఒక అబ్బాయి "అమ్మ బొట్టు కట్టుకుంది" అన్నాడు, నవ్వు ఆపుకోలేకపోయాను.

రెండో బెంచి

ఇది చదివాక ఒకటి గుర్తొచ్చింది. మన పిల్లల తప్పులు చాలావరకు మాట తెలియక కాదు, ఆ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో తెలియక. తెలుగులో మందు 'తాగుతాం', అందుకని 'ఐ డ్రాంక్ మెడిసిన్'. తప్పు 'చేస్తాం', హోంవర్క్ 'చేస్తాం', కాబట్టి రెండింటికీ 'డూ'. ఇంగ్లిష్‌లో ఒకటి 'మేక్', ఇంకొకటి 'డూ'.

అందుకే నేను కార్డు మీద ఒంటరి మాట రాయడం మానేశాను. 'మెడిసిన్' అని కాదు, 'టేక్ మెడిసిన్' అని. 'మిస్టేక్' అని కాదు, 'మేక్ ఎ మిస్టేక్' అని. అడిగేటప్పుడు కూడా 'మందు' అంటే ఏమిటని అడగను, 'మందు వేసుకున్నావా అని ఎలా అడుగుతావు' అంటాను.

ఇంకోటి, తెలుగు మాట రెండు ఇంగ్లిష్ మాటల మీద కప్పుకున్న చోట జాగ్రత్త. 'సిగ్గు' అంటే 'షై' కూడా, 'షేమ్' కూడా. కొత్తవాళ్ళ ముందు మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లను 'షేమ్' అని రాస్తే ఎంత తేడా వస్తుందో చూడండి.

సుద్దముక్క

'బారో' విషయంలో నాకు ఇదే జరిగిందని ఇప్పుడు అర్థమవుతోంది. పుస్తకంలో 'అప్పు తీసుకొను' అని ఉంది. మా పిల్లల లెక్కలో అప్పు అంటే నాన్న చేసేది, వడ్డీ కట్టేది. పక్కవాడి రబ్బరు అడగడం వాళ్ళకు అప్పు కాదు, "ఓసారి ఇవ్వరా", అంతే. రోజుకు ఇరవైసార్లు చేసే పనికి ఆ మాట ఉందని వాళ్ళకు నేను చెప్పనే లేదు.

పైగా 'బారో', 'లెండ్' రెండూ ఒకే రోజు చెప్పాను, వ్యతిరేక పదాలు కదా అని. ఇప్పటికీ సగం మందికి ఏది ఏదో తెలియదు.

పాత మాస్టారు

జంటగా ఉన్న మాటలు ఒకే రోజు నేర్పకండి. కుడి ఎడమలు, బారో లెండ్‌లు కలిపి చెప్తే జీవితాంతం కలిసే ఉంటాయి. ఒకటి గట్టిపడనివ్వండి, రెండు వారాలాగి రెండోది తీయండి. పుస్తకం రాసినవాళ్ళు ఎలా అమర్చినా సరే, మన చేతిలో పని ఇది.

ఆరోతరగతి అమ్మ

నేను టీచర్ని కాను, మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. మా బాబు వాళ్ళ ఇంగ్లిష్ మేడమ్ గారు మాటలను తెలుగు శబ్దంతో ముడిపెట్టి చెప్తారట. 'అనాయ్' అంటే విసిగించడం. ఎలా గుర్తు? తమ్ముడు పొద్దస్తమానం "అన్నోయ్, అన్నోయ్" అని వెంటపడి విసిగిస్తాడు కాబట్టి. 'చీట్' అంటే మోసం. చీటీలు కట్టించుకుని ఊరొదిలి పోయినవాడు. మా బాబు ఇవి ఒక్కసారికే పట్టేశాడు. ఇప్పుడు వాడే సొంతంగా కడుతున్నాడు. ఇది మంచి పద్ధతేనా, లేక తర్వాత ఇబ్బంది పడతాడా?

రెండో బెంచి

మంచిదేనండీ. దీని మీద కూడా అధ్యయనాలు ఉన్నాయి. అట్కిన్సన్, రా అనే ఇద్దరు 1975లో రష్యన్ మాటలు నేర్పడానికి ఇదే వాడారు, బాగా పనిచేసింది. మొదటి పట్టు దొరకడానికి సాయపడుతుంది. ఆ తర్వాత ఆ మాటను వాక్యాల్లో వాడుతూ పోతే 'అన్నోయ్' దానంతట అదే రాలిపోతుంది. పిల్లవాడు సొంతంగా కట్టుకున్నా ఇబ్బంది లేదు.

అన్నిటికీ మాత్రం కట్టకూడదు. 'మెండ్' అంటే బాగుచేయడం, మన 'మెండు' అంటే ఎక్కువ. ఒకబ్బాయి పరీక్షలో 'ఐ హావ్ మెండ్ మ్యాంగోస్' అని రాశాడు.

మన్యం టీచర్

నా దగ్గర పనిచేసే ఆట ఒకటి రాసి పోతాను, బెల్ కొట్టేస్తారు. 'వీరి వీరి గుమ్మడిపండు, వీరి పేరేమి' గుర్తుందా? ఒకరి కళ్ళు మూసి ఎదుట ఎవరున్నారో చెప్పించడం. మేం మనిషి బదులు మాటను పెట్టాం. ఒక పిల్ల వీపుకు కార్డు తగిలిస్తాం, తనకు కనబడదు. మిగతావాళ్ళు ఆ మాట పలకకుండా ఇంగ్లిష్‌లో ఆధారాలు ఇవ్వాలి. 'అంబ్రెల్లా' అయితే, "రెయిన్", "బ్లాక్", "యు ఓపెన్ ఇట్". మూడు ఆధారాల్లో చెప్పాలి. వ్యాకరణం ఎలా ఉన్నా దిద్దను, ఆట ఆగిపోతుంది. శుక్రవారం చివరి పది నిమిషాలు, అంతే.

లెసన్‌ప్లాన్

పక్క క్లాసు సార్ వచ్చి గోలేమిటంటే?

మన్యం టీచర్

వచ్చారు సార్. రెండు నిమిషాలు నిలబడి చూసి, "అంబ్రెల్లా అని చెప్పొచ్చుగా, తెలియట్లేదా ఆ పిల్లకి" అని గట్టిగా అనేసి ఆట పాడుచేసి వెళ్ళారు.

సుద్దముక్క
(ఆరు వారాల తర్వాత)

బాకీ పడ్డాను, రిపోర్టు ఇస్తున్నాను. మూడు డబ్బాలు పెట్టాం. కార్డులన్నీ శుభలేఖలే, కొన్నింటి మీద ఇంకా 'మీ రాకను కోరు' అని కనబడుతోంది. కొత్త మాటలు పది నుంచి ఆరుకు తగ్గించాను. రోజూ ఐదు నిమిషాలు పలకలు, శుక్రవారం వీపు ఆట.

బాగా జరిగింది: ఆరు వారాల కిందటి మాటలు చెప్పకుండా అడిగితే సగానికి పైగా పిల్లలు సగానికి పైగా మాటలు రాశారు. దసరా తర్వాతి నిశ్శబ్దంతో పోలిస్తే నాకిది పండగే. బాగా జరగనిది: ఏడుగురు పిల్లలకు అక్షరాలే సరిగా రావు. పలక ఎత్తమంటే పక్కవాడి పలక చూసి ఎత్తుతున్నారు. వాళ్ళను రాయమనడం మానేసి, మాట చెప్తే బొమ్మ గీయమంటున్నాను. ఇద్దరు కదిలారు, ఐదుగురి సంగతి ఇంకా తేలలేదు. రెండో డబ్బా తీయడం రెండు వారాలు మర్చిపోయాను కూడా, ఇప్పుడు ఆ బాధ్యత లీడర్ పిల్లకు అప్పగించాను. నన్ను వదలడం లేదు.

డాలస్ మేడమ్ గారి ఆట కూడా తిరగేసి ఆడించాను, విరిగింది పగిలింది అన్నీ 'బ్రోకెన్' అనీ, చిరిగితే మాత్రం 'టోర్న్' అనీ. ఫలితం నిన్న కనబడింది. వెనక బెంచి అబ్బాయి నిలబడి, "సార్, మా బెంచీ కాలు విరిగింది. బ్రోకెనా, టోర్నా?" అన్నాడు.

శనివారం తెలుగుబడి

బ్రోకెనే. కానీ ముందు ఆ అబ్బాయిని అందులోంచి లేపి వేరే బెంచీలో కూర్చోబెట్టారా సార్?

సుద్దముక్క

కూర్చోబెట్టానండీ. పక్క వరుసవాళ్ళను వాడే అడిగాడు, "బారో యువర్ బెంచ్?" అని. వాక్యం సగమే. నేను దిద్దలేదు.